పాట ఎత్తని శుక్రవారాలు

ఆ శుక్రవారం ఉపవాస కూడికలో పాట ఎత్తుకోబోతుండగా నా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. గుటక వేశాను. పోలేదు. మంచినీళ్లు తాగి మళ్లీ గుటక వేశాను. ఎదురుగా చాప మీద కూర్చున్న శాంతమ్మ పెద్దమ్మ నా మొహం వదిలేసి మెడ వంక చూడసాగింది.

"ఏందమ్మా విమలమ్మా, నీ మెడల ఏందో ఆడుతున్నది. నువ్వు మింగినప్పుడల్లా పైకి పోయి కిందికొస్తున్నది. జెర చూసుకో బిడ్డా," అంది అందరి ముందూ.

నాకు ఒళ్లు మండింది. పాడబోయే మనిషితో అనే మాటేనా అది? "లావెక్కాను పెద్దమ్మా, తాళిగొలుసు బిగుతైంది," అని నవ్వేసి పాట ఎత్తుకున్నాను. మూడో చరణానికి వచ్చేసరికి ఊపిరి చాలలేదు. పాటలో నాకు ఊపిరి చాలకపోవడం అదే మొదటిసారి.

నేనెవరో చెప్పాలి. మాది తెనాలి. మావారికి బదిలీ అయి సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నేను దగ్గర్లోని స్కూల్లో మూడో తరగతి టీచర్ని. మాకు ఒక్కతే అమ్మాయి, ఏడో తరగతి చదువుతోంది. మా చర్చి సంఘంలో స్త్రీలు ప్రతి శుక్రవారం ఒక్కొక్కరి ఇంట్లో కూడుకుని ప్రార్థన చేసుకుంటారు. అక్కడ హార్మోనియం ఉండదు, తబలా ఉండదు. ఒకరు మొదటి పాదం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. మేం వచ్చిన రెండో వారమే ఆ ఎత్తుకునే పని నా చేతికొచ్చింది. నేను దాన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. నా గొంతు పైకి, ఇంకా పైకి వెళ్లేది. ఆదివారం కాయిర్‌లో కూడా పై స్వరం నాదే. దాని మీద నాకు గర్వం లేదని అబద్ధం చెప్పను.

శాంతమ్మ పెద్దమ్మది బొల్లారం. మిలిటరీలో పనిచేసిన భర్త పోయాక కొడుకు, కోడలి దగ్గర ఉంటోంది. సంఘంలో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ పెద్దమ్మే. నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆవిడ మీద కోపంగానే ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి నీళ్లు తాగి చూసుకున్నాను. ఉసిరికాయంత గడ్డ ఒకటి పైకి పోయి కిందికొచ్చింది. ఆవిడ చెప్పింది నిజమే.

మావారితో చెబితే, "చూద్దాంలే," అన్నారు. ఏం చెప్పినా ఆయన మొదట అనే మాట అదే. అయినా మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. రక్తపరీక్ష, మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్, ఆ తర్వాత ఎఫ్.ఎన్.ఏ.సి. అని సూది గుచ్చి తీసే పరీక్ష. రిపోర్టు చూసి సర్జన్ కళ్లజోడు తీశారు.

"థైరాయిడ్‌లో నాడ్యూల్ ఉందమ్మా. ఫాలిక్యులర్ లీజన్ అని రాశారు. ఇది సూదితో తేలేది కాదు. ఆపరేషన్ చేసి, తీసిన గ్లాండ్‌ని బయాప్సీకి పంపిస్తేనే క్యాన్సరా కాదా అన్నది తెలుస్తుంది."

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ మావారు చూద్దాంలే అని కూడా అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఆపరేషన్ దాకా ఉన్న రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే, రేపటిలో బతకడం. నేను లేకపోతే అమ్మాయికి జడ ఎవరు వేస్తారు, ఈయన రెండో పెళ్లి చేసుకుంటారా, చేసుకుంటే ఆమె నా చీరలు కట్టుకుంటుందా. ఇలాంటివన్నీ. రేపటిని గురించి చింతపడొద్దన్న ప్రభువు మాటను సండే స్కూల్లో ఎంతమంది పిల్లలకు కంఠతా పట్టించానో లెక్కలేదు. తప్పులేకుండా చెప్పినవాళ్లకు పెన్సిళ్లు కూడా ఇచ్చాను. నాదాకా వచ్చేసరికి ఆ మాట పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఆపరేషన్‌కు ముందు సంతకాలు తీసుకునేటప్పుడు సర్జన్‌తో, "డాక్టర్ గారూ, నేను పాడతాను," అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "వాయిస్‌కి వెళ్లే నర్వ్ ఆ గ్లాండ్‌ని ఆనుకునే పోతుందమ్మా. దాన్ని కాపాడటానికే చూస్తాం. అయినా కొందరికి గొంతు మారుతుంది. కొన్నాళ్లు పట్టొచ్చు."

కొందరికి అన్న మాట విన్నాను. ఆ కొందరిలో నేనుంటానని తట్టలేదు. నా భయమంతా బయాప్సీ మీదే ఉంది.

టోటల్ థైరాయిడెక్టమీ, అంటే ఆ గ్లాండ్ మొత్తం తీసేసే ఆపరేషన్, అయింది. మెలకువ రాగానే సిస్టర్ వంగి, "మీ పేరు చెప్పండి మేడమ్," అంది. చెప్పాను. నోరు కదిలింది, గాలి వచ్చింది, పేరు రాలేదు. మత్తిచ్చినప్పుడు గొంతులో గొట్టం వేశారు కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందని అందరూ అన్నారు. మర్నాడు పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలోనూ చీమలు పాకినట్టయింది. క్యాల్షియం పడిపోయిందని సెలైన్‌లో ఎక్కించారు. నీళ్లు తాగితే పొలమారేది. గడ్డం కిందికి వంచి మింగమని సిస్టర్ నేర్పింది. అలా తల వంచుకునే మంచినీళ్లు తాగడం ఇప్పటికీ నాకు అలవాటు.

పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది. సర్జన్ నవ్వుతూ, "బినైన్. క్యాన్సర్ కాదు. రోజూ పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకోండి, అంతే," అన్నారు. మావారు ఆస్పత్రి వరండాలోనే మోకరించారు. ఆయన అందరి ముందూ అలా చేయగా నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఏడ్చాను, దేవునికి వందనాలు చెప్పాను. నిజంగానే చెప్పాను.

అయితే గొంతు మాత్రం రాలేదు. ఈ.ఎన్.టి. డాక్టర్ ముక్కులోంచి సన్నని గొట్టం దింపి చూశారు. ఆయన మాట నెమ్మది. "లెఫ్ట్ వోకల్ కార్డ్, అంటే ఎడమ స్వరతంత్రి, కదలట్లేదమ్మా. పాల్సీ అంటాం. నర్వ్ తెగలేదు, సాగింది. దానంతట అది కోలుకోవాలి. ఆరు నెలలు చూద్దాం. ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది."

వారం తిరక్కుండా మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. పాస్టర్ అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. కేకు, మిక్చరు, టీ. ఇల్లు పట్టనంత జనం. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, "దేవుడు నన్ను కాపాడాడు," అని గుసగుసలాడాను. ముందు వరసకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ప్రాణం మిగిలింది కదమ్మా, పాటదేముంది," అంది. ప్రేమతోనే అంది. నాకు ఆవిణ్ణి గిచ్చాలనిపించింది. ప్రాణం పోతుందేమోనని అంత భయపడ్డదాన్ని, ప్రాణం దక్కాక పాట కోసం ఏడవడం నాకే సిగ్గుగా ఉండేది. అందుకని ఎవరి ముందూ ఏడవలేదు.

అప్పుడు శాంతమ్మ పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. "ఒక మాట చెప్తున్న, అందరు వినుండ్రి. విమలమ్మ గొంతు వచ్చేదాకా మన శుక్రవారం కూడికల ఎవ్వరు పాట ఎత్తొద్దు. వాక్యం చదువుదాం, ప్రార్థన చేద్దాం, పోదాం. అన్నం మాని ఉపవాసం ఉంటలేమా? పాట మాని ఉందాం. దేవుడు చూస్తడు."

ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు. నా కళ్లు చెమర్చాయి. నా కోసం ఇంతమంది నోరు కట్టుకుంటున్నారంటే నాకంటే ధన్యురాలు ఉందా అనుకున్నాను. అదెంత బరువో తర్వాత తెలిసింది.

తర్వాతి నెలల్లో మా ఇంట్లో ఒక విడ్డూరం జరిగింది. నేను గుసగుసగా మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు కూడా గుసగుసగానే జవాబు చెప్పేవారు. మావారు పక్కింట్లో దొంగలు పడ్డట్టు, "విమలా, కూరలో ఉప్పెక్కువైంది," అని చెవిలో చెప్పేవారు. బడికి వెళ్లడం మొదలుపెట్టాక నా మూడో తరగతి కూడా అంతే. ఎక్కాలు సైతం గుసగుసగా అప్పజెప్పేవారు. హెడ్మిస్ట్రెస్ వచ్చి, "ఇంత డిసిప్లిన్ ఎలా తెచ్చారు మేడమ్?" అని మెచ్చుకుంది. నవ్వొచ్చింది. నవ్వితే కూడా గాలే వచ్చింది.

రోజూ పొద్దున కళ్లు తెరవగానే దుప్పట్లోనే "ఆ" అని చూసుకునేదాన్ని. రాకపోతే ఆ రోజు అక్కడితో అయిపోయేది. తర్వాత టిఫిన్ చేసినా, అమ్మాయికి జడ వేసినా, బస్సెక్కినా, నేను అక్కడ ఉండేదాన్ని కాదు. గొంతు వచ్చాక ఏ పాట మొదట ఎత్తుకుంటానా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని. క్యాన్సర్ భయం పోయినా రేపటి మీద బతకడం మాత్రం పోలేదు.

ఒకరోజు అమ్మాయి తెలియక పాత క్రిస్మస్ ప్రోగ్రాం క్యాసెట్ పెట్టింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వంటింటి కిటికీలోంచి నా గొంతు వచ్చింది. అందరి గొంతుల మీదుగా ఒక్కతే, తడబాటు లేకుండా పైకి వెళ్లింది. దండెం పట్టుకుని నిలబడిపోయాను. చచ్చిపోయిన తోబుట్టువు ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంది. ఆ గొంతు కావాలి. దాని కోసం నాలో ఉన్న కోరిక ఎంతటిదంటే, మావారి కోసం కూడా ఎప్పుడూ నేను అంతగా తపించలేదు. ఈ వాక్యం ఆయన చదువుతారు, అయినా ఇలాగే ఉండనిస్తున్నాను. అమ్మాయి బయటికొచ్చి నన్ను చూసి గబగబా లోపలికి పరిగెత్తి టేపు ఆపేసింది. ఆపొద్దని అరవబోయాను. అరుపు రాలేదు.

శుక్రవారాలు ఇంకా కష్టంగా ఉండేవి. ప్రార్థన మొదలవడానికి ముందు, ఎప్పుడూ పాట ఉండే చోట, అందరూ ఒక్క క్షణం నా వైపు చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఎవరో నిట్టూర్చేవారు. వాక్యం చదవడం మొదలయ్యేది. జ్వరమో బంధువులో అని వంక పెట్టి కొన్ని వారాలు ఎగ్గొట్టాను. నేను లేని వారం కూడా వాళ్లు పాడలేదట.

ఆరు నెలలకు మళ్లీ గొట్టం దింపారు. డాక్టర్ చాలాసేపు చూశారు. "లెఫ్ట్ కార్డ్ కదలిక ఇంకా లేదు. రైట్ కార్డ్ దాని వైపు జరిగి సర్దుకుంటోంది. మాట బాగుపడుతుంది. పాట గురించి, అందులోనూ హై పిచ్ గురించి, నేను మాట ఇవ్వలేనమ్మా." తర్వాత అడిగారు, "ఇంట్లో ఎలా మాట్లాడుతున్నారు?"

"ఇలాగే," అన్నాను గుసగుసగా.

"అయ్యో, విస్పర్ చేయొద్దు. దానివల్ల గొంతు ఇంకా స్ట్రెయిన్ అవుతుంది. ఎలా ఉన్నా సరే, వాయిస్‌తోనే మాట్లాడాలి. స్పీచ్ థెరపీకి రాస్తున్నాను, ఇవాళే కలవండి."

థెరపిస్టు పేరు స్వప్న. పాతికేళ్లు కూడా ఉండవు. నుదుట బొట్టు, చేతికి ఎర్రదారం. నన్ను గోడ దగ్గర నిలబెట్టి, రెండు చేతులతో గోడను తోస్తూ "ఆ" అనమంది. బొంగురుగా, మగవాడి గొంతులాంటిది ఒకటి బయటికొచ్చింది. ఎవరిదో అనుకున్నాను.

"వచ్చింది కదా మేడమ్!"

"ఇది నాది కాదమ్మా. నాది ఇంకా పైన ఉంటుంది."

"అది నాకు తెలీదు మేడమ్. నేను వినలే. ఇయ్యాల ఎంత వస్తే అంతే చేద్దాం. నిన్న ఎంతుండె, రేపెంత వస్తది, గవన్నీ ఈ రూంల వద్దు."

బస్సులో కూర్చుని ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. పిల్లలకు నేను పెన్సిళ్లిచ్చి నేర్పించిన మాటే అది, వేరే మాటల్లో. ఆ అమ్మాయి ఎప్పుడూ ప్రార్థన మందిరం గడప తొక్కి ఉండదు. ప్రభువు ఎవరి చేత చెప్పించాలనుకుంటే వాళ్ల చేత చెప్పిస్తాడు కాబోలు, అనుకున్నాను. అనుకున్నానే గాని ఒప్పుకోలేదు. నాకు పైదే కావాలి. ఇంట్లో రోజూ గోడ తోస్తూ "ఆ" అంటుంటే మావారు, "ఇల్లు అద్దెది విమలా, పడగొట్టకు," అనేవారు, గుసగుస మానేసి మామూలుగా. మాట మెల్లగా వచ్చింది. పాట సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వానాకాలంలో శాంతమ్మ పెద్దమ్మకు న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు గాని, మనిషి మంచానికి అంటుకుపోయింది. ఆ శుక్రవారం కూడిక బొల్లారంలో ఆవిడ మంచం దగ్గరే పెట్టుకున్నాం. నేను కాస్త ముందుగా వెళ్లాను. వంటింట్లో ఆవిడ కోడలు టీ పెడుతూ అంది:

"అత్తమ్మతోటి చాన తక్లీఫ్ అయితుందక్కా. మందు మింగది, బువ్వ తినది. పాటలంటే పాణం ఆమెకు. పొద్దున లేస్తే కూనిరాగం తీసుకుంట ఊడుస్తుండె. మీకు గట్లైనప్పటి సంది పాట బందు. రేడియోల పాటొస్తే సుత బందు పెట్టమంటది. దేవునికి మాట ఇచ్చిన అంటది. జెర మీరన్న చెప్పుండ్రి."

కూడికలో పాట మానిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడ ఇంట్లో కూడా మానేసింది. నేను రేపటి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, సరే, నాకు నలభయ్యే. ఆవిడకు ఎనభై దగ్గర పడ్డాయి. పక్కగదిలోంచి దగ్గు వినిపించింది. ఈ మనిషి నా వల్ల పాట లేకుండానే వెళ్లిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. బయాప్సీ రిపోర్టు కోసం చూసిన రోజు కూడా అంత భయపడలేదు.

మంచం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "పెద్దమ్మా, ఇవాళ ఎవరిచేతనైనా పాట ఎత్తిస్తాను. మాట వినండి," అన్నాను.

"వద్దు బిడ్డా. నీ గొంతు వచ్చినంకనే," అంది, ఆయాసపడుతూ. చెయ్యి వదలలేదు.

ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ఆ క్షణం వచ్చింది. అందరూ నా వైపు చూశారు. కళ్లు మూసుకున్నాను. ప్రభువా, ఈ ఒక్క పాటకు నా పాత గొంతు ఇవ్వు, తర్వాత తీసేసుకో అని అడిగాను. బేరమాడాను, బతిమాలాను. ఏమీ జరగలేదు. గొంతులో ఎప్పుడూ ఉండే జీర అలాగే ఉంది. ఉన్నదల్లా పొద్దున గోడ దగ్గర వచ్చిన ఆ బొంగురు "ఆ". సరే, ఇవాళ్టికి నువ్వు ఇచ్చింది ఇదే అయితే ఇదే, అనుకున్నాను. ఆ మాట అనుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

గడ్డం కాస్త కిందికి వంచి, ఊపిరి తీసుకుని, కింద, చాలా కింద ఎత్తుకున్నాను. మొదటి పాదం రెండు చోట్ల విరిగింది. చెవులు మూసుకోవాలనిపించింది. రెండో పాదానికి గదిలో ఎవరెవరివో గొంతులు లేచాయి. ఎప్పుడూ వినని గొంతులు. లావువి, మొరటువి, ఒకటి శ్రుతి తప్పినది. ఇన్నేళ్లుగా పక్కన కూర్చున్న ఆడవాళ్లవే. అందరికంటే కింద, దగ్గు మధ్యలో, శాంతమ్మ పెద్దమ్మ పాడుతోంది. కళ్లు మూసుకుని, నా చెయ్యి మీద వేలితో తాళం వేస్తూ. మూడు చరణాలూ పాడింది.

పాట అయ్యాక నేను, "మీరెప్పుడూ పాడగా వినలేదేంటి పెద్దమ్మా?" అన్నాను.

"నీ పాట మాకెప్పుడు అందింది బిడ్డా? నువ్వు ఎత్తుకున్నవంటే ఆసమానంల ఉంటుండె. మేం పెదవులు కదిలిచ్చుకుంట కూసుంటుంటిమి. ఇంటికి పోయి పాడుకుంటుంటిమి."

ఆడవాళ్లంతా నవ్వారు. ఒక్కరు కూడా కాదనలేదు. నాకు చురుక్కుమంది, నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మరి మీ మాట ఏమైంది? నా గొంతు రాలేదుగా," అన్నాను.

"ఎందుకు రాలే? వచ్చింది గద. గొంతియ్యి దేవా అన్న, పాతదే ఇయ్యి అని నేనెన్నడన్న అడిగిన్నా?" అని, కోడలి వైపు తిరిగి, "ఏమే, గా రేడియో ఇటు తే," అంది.

పెద్దమ్మ కోలుకుంది. ఇప్పుడు కర్ర పట్టుకుని కూడికలకు వస్తుంది. నేను కాస్త పైన ఎత్తుకుంటే కర్రతో నేల మీద కొడుతుంది. ఇది జరిగి రెండేళ్లు దాటింది. పొద్దున్నే థైరాక్సిన్ మాత్ర వేసుకుంటాను, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటాను. ఎడమ కార్డ్ కొంచెం కదిలిందని డాక్టర్ అన్నారు. ఆదివారం కాయిర్‌లో లేను, కింద బల్ల మీద కూర్చుంటాను. పై స్వరం అందుకునే చోట ఇప్పటికీ నా ఊపిరి ఆగుతుంది. ఆ గొంతు మీద ఆశ చావలేదు. తీసేయమని ప్రభువును అడగనూ లేదు. అది ఉన్నా, ఆ రోజు పని ఆ రోజు చేసుకోగలుగుతున్నాను, ఆ రోజు పాట ఆ రోజు పాడుకోగలుగుతున్నాను. నాకు దొరికిన నెమ్మది ఇంతే.

మీలో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయి గొంతు పోయి ఉంటే ఒక్కటే చెబుతాను. గుసగుసలాడకండి. గొంతుకు విశ్రాంతి ఇస్తున్నామనుకుంటాం గాని దానివల్ల చేటే ఎక్కువ. ఆరు నెలలు ఆగకుండా వెంటనే డాక్టర్‌ని అడిగి స్పీచ్ థెరపీకి వెళ్లండి, ఇవాళ ఎలాంటి గొంతు వస్తే దాంతోనే ఇంట్లోవాళ్లను పిలవండి. నా గొంతు ఎప్పటికైనా తిరిగి రావచ్చు, దేవుని చిత్తం. శాంతమ్మ పెద్దమ్మ నా కోసం పాట లేకుండా గడిపిన ఏడాది మాత్రం ఆవిడకు తిరిగి రాదు.